కంటైనర్ ఎందుకు స్లో అయింది? హోస్ట్ మీద నుంచే నేమ్‌స్పేస్ దారిలో కనుక్కోవడం ఎలా

"అన్నా, కంటైనర్ లోపల ఫ్రీ కమాండ్ కొడితే 64 జీబీ మెమరీ ఉందని చూపిస్తోంది. అదే కంటైనర్ 512 ఎంబీ దాటగానే చచ్చిపోతోంది. ఏది నమ్మాలి?"

ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. కొందరు టాప్ గురించి అడుగుతారు, కొందరు సీపీయూ కోర్‌ల గురించి. అడిగే మాట వేరైనా విషయం ఒకటే. అందుకే ఒకేచోట, మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. లోపల ఫ్రీ చూపించింది మీ కంటైనర్ మెమరీ కాదు, హోస్ట్ మెమరీ, అంటే కంటైనర్లన్నీ నడిచే అసలు మెషీన్‌ది. /ప్రాక్/మెమ్‌ఇన్ఫో, /ప్రాక్/స్టాట్, /ప్రాక్/లోడ్‌ఏవీజీ అనే ఫైళ్ళను కెర్నల్ (లినక్స్ గుండెకాయ) ఒక్కో కంటైనర్‌కి విడిగా చూపించదు. ఫ్రీ, టాప్ లాంటి పాత టూల్స్ ఆ ఫైళ్ళనే చదువుతాయి. కాబట్టి కంటైనర్ లోపల కూర్చుని కొలిస్తే తప్పు లెక్కే వస్తుంది. హోస్ట్ మీద ఉండి, కావలసిన నేమ్‌స్పేస్ వరకే వెళ్ళి చూడాలి.

సిద్ధాంతం ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు: కంటైనర్‌ని అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాట్ అనుకోండి. నేమ్‌స్పేస్ అంటే ఆ ఫ్లాట్ గోడలు, లోపలి వాళ్ళకి ఏది కనిపించాలో అవి తేలుస్తాయి. సీగ్రూప్ అంటే ఆ ఫ్లాట్ కరెంటు మీటరు, ఎంత వాడొచ్చో, ఎంత వాడారో అది చెబుతుంది. మీటర్లన్నీ కింద సెల్లార్‌లో ఉంటాయి కదా, ఇక్కడా అంతే, ఆ సెల్లార్ మన హోస్ట్. లినక్స్‌లో నేమ్‌స్పేస్‌లు 8 రకాలు. మొదటిది 2002లో వచ్చిన మౌంట్, చివరగా చేరింది 2020లో 5.6 కెర్నల్‌తో వచ్చిన టైమ్. మన పనికి నెట్‌వర్క్, పిఐడి (ప్రాసెస్ నంబర్లు), మౌంట్ (ఫైల్ సిస్టమ్) ఈ మూడు చాలు.

కావలసినవి

- లినక్స్ హోస్ట్ మీద రూట్ లేదా సుడో అనుమతి. ఇది లేకుండా ఏ అడుగూ సరిగ్గా పడదు.
- యుటిల్-లినక్స్ ప్యాకేజీ. నేమ్‌స్పేస్‌లోకి వెళ్ళే ఎన్ఎస్ఎంటర్, వాటి జాబితా చూపే ఎల్ఎస్ఎన్ఎస్ దీంట్లోనే ఉంటాయి, దాదాపు అన్ని డిస్ట్రోల్లో ముందే ఉంటుంది.
- ఎస్ఎస్, ఎన్‌స్టాట్ కోసం ఐపీరూట్2. పిఐడిస్టాట్ కోసం సిస్‌స్టాట్.
- సీగ్రూప్ రెండో వెర్షన్. "స్టాట్ -ఎఫ్ /సిస్/ఎఫ్ఎస్/సీగ్రూప్" కొట్టి, టైప్ దగ్గర చూడండి. సీగ్రూప్2ఎఫ్ఎస్ అని వస్తే రెండోది, టీఎంపీఎఫ్ఎస్ అని వస్తే పాతది. ఫెడోరా 31, డెబియన్ 11, ఉబుంటు 21.10 నుంచి రెండో వెర్షనే డిఫాల్ట్. పాతదైతే కింద నేను చెప్పే ఫైళ్ళ పేర్లు, దారులు మారతాయి.

కమాండ్లు, ఫైళ్ళ పేర్లు పలికినట్టు తెలుగులో రాశాను. టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చేయండి.

విండోస్ లేదా మ్యాక్ ల్యాప్‌టాప్ మీద డాకర్ డెస్క్‌టాప్ వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక. మీ కంటైనర్లు నేరుగా మీ మెషీన్ మీద నడవవు, లోపల దాచిన ఒక లినక్స్ వీఎంలో (వర్చువల్ మెషీన్‌లో) నడుస్తాయి. ఇక్కడ చెప్పే పిఐడి మీ టాస్క్ మేనేజర్‌లో ఎంత వెతికినా దొరకదు. ఆ వీఎంలోకి వెళ్ళాలంటే --ప్రివిలేజ్డ్, --పిఐడి=హోస్ట్ ఆప్షన్లతో ఒక చిన్న కంటైనర్ లేపి, దాంట్లోంచి ఒకటో నంబర్ ప్రాసెస్‌కి ఎన్ఎస్ఎంటర్ కొట్టాలి. నేర్చుకునేటప్పుడు ఇంత తిరుగుడు వద్దు, ఒక చిన్న లినక్స్ వీఎం పెట్టుకోండి.

అడుగు 1: హోస్ట్ దృష్టిలో కంటైనర్ పిఐడి కనుక్కోండి

డాకర్ ఇన్‌స్పెక్ట్ పేరు

పేరు దగ్గర మీ కంటైనర్ పేరు ఇవ్వండి. వచ్చే పొడవాటి జాబితాలో స్టేట్ అనే భాగం కింద పిఐడి ఉంటుంది. ఉదాహరణకి 21457 అనుకుందాం, ఇక చివరి దాకా ఇదే నంబర్ వాడతాను. డాకర్ లాంటిదే అయిన పాడ్‌మన్‌లోనూ ఇదే పద్ధతి. చాలా మెషీన్ల మీద కంటైనర్లు నడిపే కుబర్నెటిస్‌లో, ఒక నోడ్ (దాని మెషీన్) మీదైతే "క్రైసీటీఎల్ ఇన్‌స్పెక్ట్" కొట్టి ఇన్ఫో భాగంలో పిఐడి చూడండి.

పిఐడి 0 వస్తే కంటైనర్ ఆగిపోయి ఉంది. కంటైనర్ రీస్టార్ట్ అయితే నంబర్ మారిపోతుంది కాబట్టి దాన్ని స్క్రిప్టులో రాసి పెట్టుకోకండి, ప్రతిసారీ కొత్తగా తీసుకోండి. పాత నంబర్ ఈలోగా వేరే ప్రాసెస్‌కి దక్కి ఉంటే, ఇంకెవరి లెక్కలో చూస్తూ మీ కంటైనర్ బాగానే ఉందనుకుంటారు.

ఇంకో చిక్కు: అప్లికేషన్ లాగ్‌లో "ప్రాసెస్ 27 ఆగిపోయింది" అని ఉంటుంది. ఆ 27 లోపలి నంబర్, హోస్ట్ మీద అది 21484 కావచ్చు. హోస్ట్‌లో /ప్రాక్/21484/స్టేటస్ తెరిచి ఎన్ఎస్‌పిఐడి అనే వరుస చూడండి. మొదట బయటి నంబర్, తర్వాత లోపలి నంబర్ పక్కపక్కనే ఉంటాయి. లాగ్‌కీ కొలతకీ ముడి వేయడానికి ఈ ఒక్క వరుస చాలు.

అడుగు 2: గోడలు నిజంగా ఉన్నాయా చూడండి

సుడో ఎల్ఎస్ -ఎల్ /ప్రాక్/21457/ఎన్ఎస్
సుడో ఎల్ఎస్ -ఎల్ /ప్రాక్/1/ఎన్ఎస్

రెండింటిలోనూ ఒక్కో నేమ్‌స్పేస్ ఎదురుగా పెద్ద నంబర్ ఉంటుంది. నంబర్లు వేరైతే గోడ ఉన్నట్టు, ఒకటే అయితే లేనట్టు. నెట్ దగ్గర రెండూ ఒకటే వస్తే మీ కంటైనర్ హోస్ట్ నెట్‌వర్క్ మీదే నడుస్తోంది. అప్పుడు మీరు చూసే ట్రాఫిక్ మొత్తం మెషీన్‌ది.

కుబర్నెటిస్ వాళ్ళు ఇక్కడ ఒక నిమిషం ఆగాలి. ఒక పాడ్ (కలిసి నడిచే కంటైనర్ల గుంపు) లోని కంటైనర్లన్నీ ఒకే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ పంచుకుంటాయి. అప్లికేషన్ పక్కన సైడ్‌కార్ (సహాయక కంటైనర్) ఉంటే దాని ట్రాఫిక్ కూడా అదే లెక్కలో కలుస్తుంది. నెట్‌వర్క్ అంకె పాడ్‌ది, సీపీయూ మెమరీ అంకెలు కంటైనర్‌వి అని గుర్తుపెట్టుకోండి.

అడుగు 3: సీపీయూ

నన్ను అడిగే "స్లో" సమస్యల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలాయి. అందుకే దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి.

ముందు మీటరు ఎక్కడుందో కనుక్కోండి:

క్యాట్ /ప్రాక్/21457/సీగ్రూప్

0 తర్వాత రెండు కోలన్లు, ఆ తర్వాత ఒక దారి వస్తుంది. దాని ముందు /సిస్/ఎఫ్ఎస్/సీగ్రూప్ చేర్చండి. అదే మీ కంటైనర్ ఫోల్డర్. ఇది హోస్ట్ మీదే కొట్టాలి. లోపల కొడితే మామూలుగా వట్టి స్లాష్ మాత్రమే వస్తుంది, ఎందుకంటే సీగ్రూప్‌కి కూడా నేమ్‌స్పేస్ ఉంది.

ఆ ఫోల్డర్‌లో సీపీయూ.మ్యాక్స్ చూడండి. "50000 100000" అని ఉంటే ప్రతి 100 మిల్లీసెకన్లకి 50 మిల్లీసెకన్ల సీపీయూ అని అర్థం, అంటే అర కోర్. మొదటి అంకె స్థానంలో మ్యాక్స్ అని ఉంటే పరిమితి లేదు.

తర్వాత సీపీయూ.స్టాట్ చదవండి, సరిగ్గా 10 సెకన్లు ఆగి మళ్ళీ చదవండి. ఒక్కసారి చదివితే ఉపయోగం లేదు, అవి కంటైనర్ లేచినప్పటి నుంచి పెరుగుతూ వచ్చిన అంకెలు. రెండు రీడింగుల మధ్య తేడాయే మీకు కావలసింది.

- యూసేజ్_యూసెక్ తేడాని 1,00,00,000తో భాగిస్తే సగటున ఎన్ని కోర్‌లు వాడిందో వస్తుంది.
- ఎన్ఆర్_థ్రాటిల్డ్ తేడాని ఎన్ఆర్_పీరియడ్స్ తేడాతో భాగిస్తే, మొత్తం పీరియడ్లలో (పైన చెప్పిన 100 మిల్లీసెకన్ల ముక్కల్లో) ఎంత భాగంలో కోటా అయిపోయి ఆగాల్సి వచ్చిందో, అంటే థ్రాటిల్ అయిందో తెలుస్తుంది.
- థ్రాటిల్డ్_యూసెక్ తేడా ఆ ఆగిన సమయం, మైక్రోసెకన్లలో.

మామూలు సీపీయూ గ్రాఫ్ ఈ విషయం చెప్పదు. అర కోర్ పరిమితి ఉన్న కంటైనర్‌లో 4 థ్రెడ్లు ఒకేసారి పని మొదలుపెట్టాయనుకోండి, హోస్ట్‌లో కోర్‌లు ఖాళీగా ఉన్నాయి. నలుగురూ కలిసి 50 మిల్లీసెకన్ల కోటాని 12.5 మిల్లీసెకన్లలో ఖర్చు చేసేస్తారు. మిగిలిన 87.5 మిల్లీసెకన్లు నలుగురూ చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆ సమయంలో వచ్చిన రిక్వెస్టు అంతసేపూ ఆగుతుంది. హోస్ట్ టాప్‌లో మాత్రం సీపీయూ ఖాళీగానే కనిపిస్తుంది.

మా టీమ్‌లో ఒక ఏపీఐకి సరిగ్గా ఇదే జరిగింది. సాయంత్రం అయ్యేసరికి స్లో, హోస్ట్ సీపీయూ చూస్తే ప్రశాంతంగా ఉంది. డేటాబేస్‌ని అనుమానించి రెండు రోజులు క్వెరీలు తిరగరాశాం. చివరికి సీపీయూ.స్టాట్ తెరిస్తే, పది పీరియడ్లలో ఏడెనిమిది థ్రాటిల్ అవుతున్నాయి. పరిమితి పెంచాక ఆ రోజు సాయంత్రమే సమస్య పోయింది. ఆ రెండు రోజుల టెన్షన్ మీకు రాకూడదనే ఈ అడుగుని ఇంత వివరంగా చెబుతున్నాను.

పరిమితి లేకపోయినా స్లోగా ఉంటే అదే ఫోల్డర్‌లో సీపీయూ.ప్రెషర్ చూడండి. సమ్ అనే వరుసలో ఏవీజీ10 అంటే గత 10 సెకన్లలో, కనీసం ఒక టాస్క్ సీపీయూ కోసం ఎదురుచూసిన సమయం ఎంత శాతమో అది. ఇది ఎక్కువగా ఉంటే కోర్‌ల కోసం పక్క కంటైనర్లతో పోటీ నడుస్తోంది. ఈ ప్రెషర్ లెక్కలు 2018లో 4.20 కెర్నల్‌తో వచ్చాయి. కొన్ని డిస్ట్రోల్లో బూట్ ఆప్షన్‌లో పీఎస్ఐ=1 ఇస్తేనే కనిపిస్తాయి.

కోర్‌ల సంఖ్య దగ్గర కూడా పొరపాటు జరుగుతుంది. డాకర్‌లో --సీపీయూస్ 0.5 ఇచ్చినా లోపల ఎన్‌ప్రాక్ కొడితే చాలా ఇమేజ్‌లలో హోస్ట్ కోర్‌లన్నీ చూపిస్తుంది, ఎందుకంటే దాని పాత వెర్షన్లు కోటాని చూడవు. వాటిలో --సీపీయూసెట్-సీపీయూస్ ఇస్తేనే తగ్గించి చూపిస్తుంది. కోర్‌లు చూసి థ్రెడ్లు పెంచుకునే అప్లికేషన్లు ఇక్కడే బోర్లాపడతాయి. సీగ్రూప్ రెండో వెర్షన్ మీద జావా 15 నుంచి కోటాని గుర్తిస్తుంది, జావా 8లో అయితే 372వ అప్‌డేట్ నుంచి, జావా 11లో 11.0.16 నుంచి. గో 1.25 నుంచి గుర్తిస్తుంది. మీది అంతకంటే పాతదైతే థ్రెడ్ల సంఖ్య మీరే చేత్తో ఇవ్వండి.

అడుగు 4: మెమరీ

అదే ఫోల్డర్‌లో నాలుగు ఫైళ్ళు: మెమరీ.కరెంట్, మెమరీ.మ్యాక్స్, మెమరీ.స్టాట్, మెమరీ.ఈవెంట్స్.

మెమరీ.కరెంట్ పరిమితికి దగ్గరగా ఉందని కంగారు పడకండి. దాంట్లో ఫైల్ క్యాష్ కూడా కలిసి ఉంటుంది, అవసరమైతే కెర్నల్ దాన్ని వదిలేస్తుంది. మెమరీ.స్టాట్‌లో యానాన్ అనే అంకె చూడండి. అప్లికేషన్ సొంతంగా పట్టుకున్న మెమరీ అది. యానాన్ గంటగంటకీ పెరుగుతూ, ఎప్పుడూ దిగకపోతే లీక్ ఉందని అనుమానించాలి. ఫైల్ అనే అంకె మాత్రమే పెరుగుతుంటే, అది చాలావరకు క్యాషే.

డాకర్ స్టాట్స్ చూపే అంకె మెమరీ.కరెంట్ కంటే ఎందుకు తక్కువ అని చాలామంది అడుగుతారు. డాకర్ మొత్తంలోంచి ఇన్‌యాక్టివ్_ఫైల్ తీసేసి చూపిస్తుంది. రెండూ నిజమే.

కంటైనర్ రాత్రి చచ్చిపోయిందా? డాకర్ ఇన్‌స్పెక్ట్‌లో స్టేట్ కింద ఊమ్‌కిల్డ్ చూడండి, మెమరీ చాలక కెర్నల్ చంపిందో లేదో అది చెబుతుంది. ప్రధాన ప్రాసెస్ బతికే ఉండి దాని పిల్ల ప్రాసెస్‌ని మాత్రమే కెర్నల్ చంపిందా అన్నది మెమరీ.ఈవెంట్స్‌లో ఊమ్_కిల్ పెరిగిందో లేదో చూస్తే తెలుస్తుంది. అక్కడే మ్యాక్స్ అనే అంకె వేగంగా పెరుగుతుంటే, కంటైనర్ పరిమితికి మాటిమాటికీ తగులుతోంది. చావకపోయినా నత్తనడక నడుస్తుంది.

అడుగు 5: నెట్‌వర్క్

పైపైన చూడటానికి ఏ నేమ్‌స్పేస్‌లోకీ వెళ్ళక్కర్లేదు:

సుడో క్యాట్ /ప్రాక్/21457/నెట్/డెవ్

ఇది ఆ ప్రాసెస్ ఉన్న నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ లెక్కే చూపిస్తుంది. బైట్లు, ప్యాకెట్లు, డ్రాప్‌లు అన్నీ ఉంటాయి. హోస్ట్ మీద, కంటైనర్‌ని హోస్ట్‌కి కలిపే, వెత్ అనే పేరుతో మొదలయ్యే ఇంటర్‌ఫేస్‌లో చూసేవాళ్ళు మాత్రం దిశ తిప్పి చదవాలి: కంటైనర్ పంపింది అక్కడ అందుకున్నట్టు కనిపిస్తుంది.

లోతుగా చూడాలంటే నెట్‌వర్క్ గోడ ఒక్కటే దాటండి:

సుడో ఎన్ఎస్ఎంటర్ --టార్గెట్ 21457 --నెట్ ఎస్ఎస్ -ఎల్‌టీఎన్

కంటైనర్ ఇమేజ్‌లో షెల్ కూడా లేకపోయినా ఇది పనిచేస్తుంది, ఎందుకంటే ఎస్ఎస్ హోస్ట్‌ది, చూసే నెట్‌వర్క్ మాత్రం కంటైనర్‌ది. లిజన్ వరుసల్లో రిసీవ్-క్యూ అంటే యాక్సెప్ట్ కోసం వరుసలో నిలబడ్డ కనెక్షన్లు, సెండ్-క్యూ అంటే ఆ వరుస గరిష్ఠ పొడవు. మొదటిది రెండోదానికి చేరిందంటే అప్లికేషన్ కనెక్షన్లు అందుకోలేకపోతోంది. అదే పద్ధతిలో ఎస్ఎస్ బదులు "ఎన్‌స్టాట్ -ఏజెడ్" కొట్టి లిజన్‌ఓవర్‌ఫ్లోస్ చూడండి. అది పెరుగుతుంటే అనుమానం నిజమే.

అప్పుడు అందరూ హోస్ట్‌లో సోమాక్స్‌కాన్ (ఆ వరుస పొడవు పరిమితి) పెంచుతారు, ఏ మార్పూ రాదు. ఆ సెట్టింగ్ ఒక్కో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌కి విడిగా ఉంటుంది, కొత్త నేమ్‌స్పేస్ హోస్ట్ విలువని తీసుకోదు. కంటైనర్ లేపేటప్పుడే --సిస్‌సీటీఎల్ ఆప్షన్‌తో ఇవ్వాలి. అప్లికేషన్ తన లిజన్ కాల్‌లో చిన్న బ్యాక్‌లాగ్ అడిగితే అదీ పెంచాలి.

ఇక్కడ రెండు ఉచ్చులు ఉన్నాయి. ఒకటి: --నెట్ మాత్రమే ఇచ్చి కర్ల్‌తో ఒక వెబ్‌సైటు పేరు కొడితే ఉబుంటులో చాలాసార్లు డీఎన్ఎస్ (పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చే పని) ఫెయిల్ అవుతుంది. మీ మౌంట్ ఇంకా హోస్ట్‌దే కాబట్టి హోస్ట్ రిజాల్వ్.కాన్ఫ్ చదివి 127.0.0.53ని వెతుకుతుంది, కంటైనర్ నెట్‌వర్క్‌లో అక్కడ వినేవాళ్ళు ఎవరూ లేరు. కంటైనర్ డీఎన్ఎస్ చెడిపోయిందని తీర్మానించేయకండి, ఐపీ అడ్రస్‌తో పరీక్షించండి. రెండు: ఎన్ఎస్ఎంటర్ తర్వాత /సిస్/క్లాస్/నెట్ చూస్తే హోస్ట్ ఇంటర్‌ఫేస్‌లే కనిపిస్తాయి. దాన్ని చదివే టూల్స్ అన్నీ తప్పు చెబుతాయి. /ప్రాక్/21457/నెట్ నమ్మండి.

అడుగు 6: ఏ ప్రాసెస్, ఏ థ్రెడ్

హోస్ట్ మీదే "పిఐడిస్టాట్ -టి -పి 21457 1" కొట్టండి, థ్రెడ్ల వారీగా సెకనుకోసారి లెక్క వస్తుంది. 21457 ఒక షెల్ స్క్రిప్టు అయితే అసలు పని దాని పిల్లలు చేస్తుంటాయి. "డాకర్ టాప్ పేరు" కొడితే వాటి హోస్ట్ పిఐడిలు దొరుకుతాయి.

కంటైనర్ లోపలి ఫైళ్ళు కావాలంటే లోపలికి వెళ్ళక్కర్లేదు. /ప్రాక్/21457/రూట్ కింద దాని ఫైల్ సిస్టమ్ మొత్తం కనిపిస్తుంది.

ఎస్‌ట్రేస్‌ని ప్రొడక్షన్‌లో తగిలించకండి. ప్రతి సిస్టమ్ కాల్ దగ్గరా ప్రాసెస్‌ని ఆపుతుంది, ఇప్పటికే స్లోగా ఉన్నది పూర్తిగా నిలిచిపోవచ్చు. "పెర్ఫ్ టాప్ -పి 21457" చాలా తేలిక.

అడుగు 7: డిస్క్

సీగ్రూప్ ఫోల్డర్‌లో ఐఓ.స్టాట్. ఆర్‌బైట్స్, డబ్ల్యూబైట్స్ రెండుసార్లు చదివి తేడా చూడండి. క్యాష్ నుంచి వచ్చిన రీడ్‌లు ఇందులో లెక్కకు రావు. వెయిటింగ్ ఎంతో ఐఓ.ప్రెషర్ చెబుతుంది.

ఎక్కువమంది చేసే తప్పులు

పీఎస్‌తో అందరూ పడే గోతి ఒకటుంది. ఎన్ఎస్ఎంటర్‌కి --పిఐడి మాత్రమే ఇచ్చి పీఎస్ కొడితే హోస్ట్ ప్రాసెస్‌లన్నీ వస్తాయి. కమాండ్ పనిచేయలేదని కాదు. పీఎస్ /ప్రాక్‌ని చదువుతుంది, ఆ /ప్రాక్ ఇంకా హోస్ట్ మౌంట్‌లోది. --మౌంట్ కూడా ఇవ్వాలి. --మౌంట్ ఇస్తే హోస్ట్ టూల్స్ కనిపించవు, కంటైనర్ ఇమేజ్‌లో పీఎస్ ఉంటేనే పని జరుగుతుంది. అందుకే అలవాటుగా --ఆల్ కొట్టవద్దంటాను. ఏ ప్రశ్నకి ఏ గోడ దాటాలో చూసుకుని అదొక్కటే దాటండి.

"ఐపీ నెట్‌ఎన్ఎస్ లిస్ట్" ఖాళీగా వస్తే నేమ్‌స్పేస్‌లు లేవని కాదు. ఆ కమాండ్ /వార్/రన్/నెట్‌ఎన్ఎస్‌లో మాత్రమే వెతుకుతుంది, డాకర్ తనవి వేరేచోట పెడుతుంది. ఎల్ఎస్ఎన్ఎస్‌ని రూట్‌గా కొట్టండి, సుడో లేకుండా కొడితే సగం జాబితాయే వస్తుంది.

డాకర్ స్టాట్స్‌లో సీపీయూ 180 శాతం వస్తే తప్పు కాదు. 100 అంటే ఒక కోర్.

మెషీన్లు చాలా ఉంటే ఇదంతా చేత్తో చేయలేరు. పెర్ఫార్మెన్స్ కో-పైలట్ అనే ఓపెన్ సోర్స్ టూల్‌లో --కంటైనర్ ఆప్షన్ ఉంది, పేరు ఇస్తే నేమ్‌స్పేస్ పని అదే చూసుకుంటుంది. అయినా ఒకసారి చేత్తో చేసి చూశాకే దానికి వెళ్ళండి. టూల్ చూపే అంకె ఏ ఫైలు నుంచి వచ్చిందో తెలియకపోతే, అది తప్పు చెప్పినప్పుడు పట్టుకోలేరు.

మీ కొలత సరైనదో కాదో ఎలా తేల్చుకోవాలి

జవాబు ముందే తెలిసిన లోడ్ పెట్టి కొలవండి. టెస్ట్ మెషీన్ మీద, ప్రొడక్షన్‌లో కాదు:

డాకర్ రన్ -డి --నేమ్ కొలత --సీపీయూస్ 0.5 --మెమరీ 512ఎం ఆల్పైన్ ఎస్‌హెచ్ -సి 'యెస్ > /డెవ్/నల్'

పేరు దగ్గర మీకు నచ్చింది ఇంగ్లీషులో ఇవ్వండి.

1. సీపీయూ.స్టాట్ 10 సెకన్ల తేడాతో చదవండి. యూసేజ్_యూసెక్ సుమారు 50 లక్షలు, ఎన్ఆర్_పీరియడ్స్ సుమారు 100 పెరగాలి, ఎన్ఆర్_థ్రాటిల్డ్ దాదాపు దానితో సమానంగా పెరగాలి. యూసేజ్ కోటి దాకా వచ్చిందంటే పరిమితి పడలేదు, లేదా మీరు వేరే ఫోల్డర్ చూస్తున్నారు.

2. డాకర్ ఎగ్జెక్‌తో లోపల డీడీ వాడి /టీఎంపీలో 200 ఎంబీ ఫైలు రాయించండి. మెమరీ.స్టాట్‌లో ఫైల్ సుమారు 200 ఎంబీ పెరగాలి, యానాన్ దాదాపు కదలకూడదు. అడుగు 4లో చెప్పిన తేడా మీ కళ్ళ ముందే కనిపిస్తుంది.

3. ఎన్ఎస్ఎంటర్ --నెట్‌తో డాకర్ గేట్‌వేకి పింగ్ 100 సార్లు కొట్టండి, దానికి -సి 100 ఇవ్వాలి. డిఫాల్ట్ బ్రిడ్జ్ అయితే ఆ అడ్రస్ చాలాచోట్ల 172.17.0.1. ముందూ తర్వాతా /ప్రాక్/పిఐడి/నెట్/డెవ్ చదవండి. ఈటీహెచ్0 దగ్గర పంపిన ప్యాకెట్లు, అందుకున్నవి రెండూ కనీసం 100 పెరగాలి. ఎల్ఓ (తనలో తాను మాట్లాడుకునే ఇంటర్‌ఫేస్) దగ్గర పెరిగితే మీరు ఇచ్చిన అడ్రస్ తప్పు.

మూడింటిలో ఏదైనా తప్పితే వెంటనే అడుగు 1కి వెళ్ళి పిఐడి మళ్ళీ తీసుకోండి. నాకు తెలిసినంతవరకు ఎక్కువసార్లు తప్పు అక్కడే ఉంటుంది. మూడూ సరిపోతే "డాకర్ ఆర్‌ఎం -ఎఫ్ కొలత" కొట్టి టెస్ట్ కంటైనర్‌ని తీసేయండి, లేకపోతే ఆ యెస్ మీ అర కోర్‌ని తింటూనే ఉంటుంది.